గడ్డం ఉన్న అన్నకి అరబ్బు సినిమా కథ చెప్పడం

ఎం.ఏ. రెండో ఏడాదిలో సెమినార్ విషయాలు పంచుతున్న రోజున, నా పేరు దగ్గరికి వచ్చేసరికి మా మేడమ్ కాగితం మీద నుంచి తలెత్తి, "నీకు ఇది బాగుంటుంది" అన్నారు. అరబ్ సాహిత్యంలో, సినిమాల్లో ఇస్లామిస్టుని ఎలా చూపించారన్నది విషయం. క్లాసులో తలకి స్కార్ఫు కట్టుకునేది నేనొక్కదాన్నే కాబట్టి, న్యాయమే అన్నట్టు అందరూ తలలూపారు. పక్కనున్న అమ్మాయి అయితే, "నీకేమే, ఇంట్లో అడిగితే సరిపోద్ది" అంది.

మా ఇంట్లో అడిగితే ఏమొస్తుందో నాకు తెలుసు. మాది నరసరావుపేటలో పరుపుల కొట్టు. ముందు గది కొట్టు, వెనక గదులు ఇల్లు. తాతల కాలంలో దూది చేత్తో ఏకేవాళ్ళు, ఇప్పుడు మిషను ఏకుతుంది, మేం కుడతాం. మాకు ఉర్దూ రాదు. పోట్లాడుకునేదీ అల్లాకి మొరపెట్టుకునేదీ తెలుగులోనే. అరబ్బీ మాత్రం చిన్నప్పుడు మసీదు అరుగు మీద హజరత్ దగ్గర అక్షరాలు కూడబలుక్కుంటూ నేర్చుకున్నాం. ఎంత పెద్ద వాక్యమైనా తడబడకుండా చదువుతాం. అర్థం మాత్రం ఒక్క ముక్క తెలియదు. అందుకని ఎక్కడ అరబ్బీ వినపడినా మా ఆడవాళ్ళు ముందు కొంగు తల మీదికి లాక్కుంటారు. అర్థం తెలియని చోట మర్యాదే దిక్కు.

మేడమ్ తేడా వివరంగానే చెప్పారు. నమాజు చేసుకునేవాళ్ళందరూ ఇస్లామిస్టులు కారు, రాజ్యం, చట్టం, వీధి, ఇల్లు అన్నీ మతం చెప్పినట్టే నడవాలని రాజకీయంగా పట్టుబట్టేవాళ్ళని ఆ మాటతో పిలుస్తారు అన్నారు. నేను బుద్ధిగా రాసుకున్నాను. రాసుకుంటున్నంత సేపూ మా అన్న గుర్తొస్తూనే ఉన్నాడు.

మా అన్నకి కొత్తగా గడ్డం వచ్చింది.

అంతకు ముందు మా అన్నంత సినిమా పిచ్చోడు పేటలో ఇంకొకడు లేడు. కొత్త సినిమా వస్తే మొదటి ఆటకి గొంతు పోయేలా అరిచి, నాలుగు రోజులు సైగలతో పరుపులు అమ్మేవాడు. అలాంటివాడు పోయినేడు మాచర్ల వైపు ఊళ్ళలో మసీదుల్లో బస చేస్తూ, జనాన్ని నమాజుకి పిలుస్తూ తిరిగే వాళ్ళతో వెళ్ళి, కొన్నాళ్ళకి ఇంకో మనిషై వచ్చాడు. గడ్డం పెంచాడు, సిగరెట్లు మానేశాడు, సినిమాలు మానేశాడు, కొట్లో రేడియో కట్టేశాడు. సిగరెట్లు పోయినందుకు అమ్మ సంతోషించింది. రేడియో పోయినందుకు నాన్న అలిగాడు. అలిగి, ఇంట్లో వినడానికి ఒక బ్లూటూత్ స్పీకరు కొనుక్కుని, నా లాప్‌టాప్‌కి కలిపించుకుని, మధ్యాహ్నం అన్నం తిన్నాక పాత పాటలు చిన్నగా పెట్టుకునేవాడు.

అన్న మారినందుకు నాకేమీ అనిపించలేదు, ఆ నవలలు మొదలుపెట్టేదాకా.

ఇంగ్లీషులోకి వచ్చిన అరబ్ నవలలు లైబ్రరీలో దొరికినన్ని తెచ్చుకున్నాను. సినిమాలు కింద ఇంగ్లీషు అక్షరాలతో చూశాను. చూసేకొద్దీ నాకు గడ్డపాయనలు రకాలుగా కనిపించడం మొదలుపెట్టారు. హాస్య సినిమాల్లో ఉండేవాడు ఒక రకం. చుట్టూ అందరూ వీధి భాష మాట్లాడుతుంటే ఈయనొక్కడే గ్రంథాల భాష మాట్లాడతాడు. మన టీ కొట్టు దగ్గరికొచ్చి ఎవరైనా "ఓయీ, తేనీరు గొనిరమ్ము" అంటే ఎలా ఉంటుందో అలాగన్నమాట. ఆ సంగతి ఒక వ్యాసంలో చదివాను గానీ, అంతకు ముందే నా చెవికి తెలిసిపోయింది. సినిమా అంతట్లో నాకు ఎక్కడో విన్నట్టుగా అనిపించే మాటలు ఆయనవే, మసీదు అరుగు మీద నేర్చుకున్నవి. జనం నవ్వడానికి పెట్టిన మనిషి నాకు మాత్రం చుట్టంలా వినపడేవాడు.

బాధ సినిమాల్లో వచ్చేది ఇంకో రకం. చదువులో ముందుంటాడు, సిఫారసు లేక ఉద్యోగం రాదు, పోలీసులు ఊరికే పట్టుకుపోయి కొడతారు, బయటికొచ్చాక ఎవరో ఒక పెద్దమనిషి భుజం మీద చెయ్యేసి ఖర్జూరం పెడతాడు. ఆ ఖర్జూరం కనపడగానే నేను లాప్‌టాప్ ముందు, "తినొద్దురా నాయనా" అనుకునేదాన్ని. ఎప్పుడూ తింటాడు. తర్వాత తుపాకీ వస్తుంది. ప్రభుత్వాలు దగ్గరుండి తీయించిన సీరియళ్ళలోనైతే ఆయన గడ్డం ఎంత భయంకరంగా ఉంటుందో, ఆయన్ని పట్టుకునే పోలీసు ఆఫీసరు అంత అందంగా ఉంటాడు. నవలలు అంత తేలిగ్గా వదిలిపెట్టవు. వాటిలో ఒకే ఇంట్లో ఇద్దరన్నదమ్ములుంటారు, ఒకడు ఎర్రజెండా, ఒకడు గడ్డం, ఇద్దరికీ కలిపి దుప్పటి ఒకటే. ఆ దుప్పటి ఎవరి వైపు లాగుతారన్నదే దేశం కథ.

ఇంట్లో జరిగే కథల్లో మాత్రం అన్న మారడం దాదాపు ఎప్పుడూ రేడియోతో మొదలవుతుంది. ముందు రేడియో, తర్వాత టీవీ, తర్వాత గోడ మీద ఫొటోలు, ఆ తర్వాత చెల్లెలి పుస్తకాలు.

అది చదివిన రోజు నుంచి నేను కొట్లో ఆగిపోయిన రేడియో వంక వేరేగా చూడటం మొదలుపెట్టాను. అన్న నా పుస్తకాల అలమర పక్కనుంచి నడిచినా లేచి దానికి అడ్డంగా నిలబడేదాన్ని. నా పదో తరగతి నుంచి గుంటూరు సరుకుకి వెళ్ళినప్పుడల్లా పాత పుస్తకాలు సంచిలో వేసుకొచ్చి ఆ అలమర నింపింది తనే. అది తెలిసీ భయపడ్డాను. సెమినార్ విషయం ఏంటని అడిగితే, "ఇంగ్లీషుదన్నయ్యా" అని చెప్పి తప్పించుకున్నాను. సినిమాలు మాత్రం వెనక గదిలో పరుపుల మధ్య దూరి, చెవుల్లో వైర్లు పెట్టుకుని చూసేదాన్ని.

ఒక మధ్యాహ్నం వినుకొండ నుంచి మేనత్త వచ్చింది. అమ్మా తనూ హాల్లో కూర్చుని, కారానికి ఆడించబోయే ఎండుమిరపకాయలకి తొడిమలు తీస్తున్నారు. నేను వెనక గదిలో ఒక హాస్య సినిమా చూస్తున్నాను. అందులో దొంగ షేకు ఒకడు. టీవీలో మత ప్రసంగాలిచ్చి డబ్బు చేసుకుంటుంటాడు. వాడికి పోటీగా ఇంకో ఛానల్లో ఇంకో షేకు బయల్దేరేసరికి, వీడు కెమెరా ముందు చేతులెత్తి, అవతలివాడి ఛానల్ మూతపడాలనీ, వాడి గొంతు బొంగురుపోవాలనీ, వాడికొచ్చే విరాళాలు తనకి మళ్ళాలనీ వెక్కివెక్కి ఏడుస్తూ అల్లాకి దువా చేస్తాడు. సరిగ్గా అక్కడికొచ్చేసరికి నా చెవిలో శబ్దం ఆగిపోయింది. వైరు ఊడిందేమోనని కదిలిస్తున్నాను. ఈలోగా హాల్లోంచి పెద్దగా షేకు గొంతు వినపడింది.

తొడిమలు తీస్తూ తీస్తూ, పక్కనున్న నాన్న స్పీకరు మీద దుమ్ము కనపడితే కొంగుతో తుడవబోయి అమ్మ దాని మీట నొక్కింది. అది తిన్నగా నా లాప్‌టాప్‌ని వెతుక్కుని కలిసిపోయింది.

నేను లేచి పరిగెత్తేసరికి అంతా అయిపోవచ్చింది. అమ్మా అత్తా ఇద్దరూ కొంగులు తల మీద వేసుకుని, చేతులు చాపి, కళ్ళు మూసుకుని కూర్చున్నారు. షేకు ఏడ్చినప్పుడల్లా అత్త "ఆమీన్" అంటోంది. అత్త కంట్లో నీళ్ళు కూడా తిరిగాయి. దువా అయిపోగానే మా అలవాటు ప్రకారం ఇద్దరూ రెండు అరచేతులతో నిండుగా మొహం తుడుచుకున్నారు.

మిరపకాయల చేతులతో.

"అల్లా! ఏమే, నీళ్ళు! నీళ్ళు తేవే!" అని అమ్మ అరిచింది. అత్త అరవడానికి కూడా లేక గుడ్లు తేలేసింది. కొట్లోంచి అన్న పరిగెత్తుకొచ్చి, గడ్డం నిండా దూదితోనే, వంటింట్లోంచి పెరుగు గిన్నె తెచ్చి ఇద్దరి మొహాలకీ మెత్తాడు.

కాస్త మంట తగ్గాక అత్త పెరుగులోంచి ఒక కన్ను తెరిచి, "చానా గట్టి దువా అబ్బాయ్. మొహం భగ్గుమంది చూడు. ఇట్టాంటియ్యి మా వినుకొండలో దొరకవు. ఎవురా హజరత్?" అంది.

"అది దువా కాదత్తా" అన్నాను నేను, నేల చూస్తూ. "సినిమా."

"సినిమాలో దువా కాదా ఏంది?"

"ఆయన దొంగత్తా. పోటీ ఛానల్ మూసుకుపోవాలని తిడతన్నాడు."

అత్త రెండో కన్ను కూడా తెరిచింది. "మరి మేం ఆమీన్ అన్నాం గదే. ఇప్పుడా ఛానల్ మూతబడుద్దంటావా?"

అమ్మ పెరుగు మొహంతోనే నవ్వడం మొదలుపెట్టింది. అన్న మాత్రం నవ్వలేదు. నా వంక చూశాడు. "ఇంగ్లీషుదన్నావుగా?" అన్నాడు.

నేను చెదిరిన మిరపకాయలు ఏరడం మొదలుపెట్టాను.

"కథేంది?"

"నువ్వు సినిమాలు చూడవుగా."

"చూట్టం మానేశా. వినటం మానేశానని ఎప్పుడన్నా చెప్పానా?" అన్నాడు. "దబ్బనం తీసుకుని రా. కుట్టుకుంటా చెప్పు."

అలా మొదలైంది. సాయంత్రం కాలేజీ నుంచి వచ్చాక కొట్లో పరుపుకి ఒక పక్క అన్న, ఒక పక్క నేను. దబ్బనం అటు గుచ్చితే ఇటు లాగడం నా పని, ఇటు గుచ్చితే అటు లాగడం తన పని. మధ్యలో కథ. నలుగురిలో నోరు పెగలని దాన్ని, పరుపు అడ్డం ఉంటే బాగానే మాట్లాడతానని అప్పుడే తెలిసింది.

కానీ ఉన్నది ఉన్నట్టు చెప్పడానికి ధైర్యం రాలేదు. ఎదురుగా గడ్డం కనపడుతుంటే కథలో గడ్డాన్ని ఎలా తిట్టను? అందుకని దారిలో చిన్న చిన్న మరమ్మతులు చేసుకుంటూ పోయాను. దొంగ షేకుని మంచి షేకుని చేశాను. విరాళాలు అనాథలకి పంచిపెట్టించాను. ఉద్యోగం రాని కైరో కుర్రాడికి ఖర్జూరం పెట్టిన పెద్దమనిషి చేత మంచి మాటలు చెప్పించి ఇంటికి పంపేశాను.

అన్న ఆవులించాడు. "అంతేనా?"

"అంతే."

"ఎవుడూ ఏ తప్పూ చెయ్యకపోతే సినిమా ఎందుకు తీశార్రా?" అని కొట్టు గల్లా దగ్గరి నుంచి నాన్న అడిగాడు. కథలు వినడం లేదన్నట్టు అటు తిరిగి కూర్చునేవాడు గానీ నాన్న ఒక్క మాట వదిలేవాడు కాదు.

"ఆఖరికి ఆ కుర్రోడు ఏం చేశాడు?" అన్నాడు అన్న.

అసలు సినిమాలో ఆ కుర్రాడు ఆఖరికి పోలీసు తూటాకి పోతాడు. "వ్యాపారం పెట్టుకున్నాడు" అన్నాను.

"ఏం వ్యాపారం?"

నాకు వేరే ఏమీ తోచలేదు. "పరుపుల కొట్టు."

అన్న దబ్బనం కింద పెట్టాడు. "కైరోలో?"

"ఊఁ."

నాన్న భుజాలు కదులుతున్నాయి, నవ్వుతో. అన్న నవ్వలేదు. గడ్డంలోంచి దూది పోగు తీసి పక్కన వేసి, "నిజం చెప్పు పాపా. వాళ్ళు గడ్డపోళ్ళని ఇంకోరకంగా చూపిత్తారు గదా?" అన్నాడు.

"కొంతమంది."

"అది నాకు చెప్పడానికి భయపడతన్నావు."

నేను దారం లాగుతూ కూర్చున్నాను.

"నాకు జొరమొస్తే మాత్ర వేసుకున్నావా అని అడిగిందానివి. నేను ఫెయిలయితే నాన్న దగ్గర నాకోసం అబద్ధాలాడిందానివి. ఇప్పుడు ఒక కథ చెప్పటానికి నా మొహం చూసి మార్చి చెప్తన్నావంటే," అని ఆగి, "నేను నీకు ఎట్టా కనపడతన్నానే?" అన్నాడు.

గొంతు ఎప్పటిలాగే ఉంది. అదే తట్టుకోలేకపోయాను. అప్పుడు నన్ను భయపెట్టిన ఆ నవల కథ చెప్పాను, ఒక్క మరమ్మతు లేకుండా. ఒక ఊళ్ళో ఒక అన్న. మంచివాడే. చెల్లెల్ని భుజాల మీద ఎక్కించుకుని సముద్రం చూపించినవాడు. మసీదులో కొత్త స్నేహాలు కుదిరాయి. ముందు రేడియో కట్టేశాడు. తర్వాత ఒక రోజు చెల్లెలి పుస్తకాలన్నీ డాబా మీదికి తీసుకుపోయి తగలబెట్టాడు. తల్లి ఆ బూడిద ఎత్తి గిన్నెలు తోముకుంది, ఇంకేం చెయ్యాలో తెలియక. చెల్లెలు ఇల్లొదిలి వెళ్ళిపోయింది. చాలా ఏళ్ళకి అన్నని జైల్లో చూడటానికి వచ్చింది. ఇనప జాలీకి అటు అన్న, ఇటు చెల్లెలు. నవల అక్కడితో అయిపోతుంది.

అన్న ఆ వరస చివరిదాకా కుట్టాడు. నాన్న ఇటు తిరిగి కూర్చున్నాడు.

"రాసిందెవురు? ఆడమనిషా?"

"అవును."

"ఆమెకి అన్న ఉండే ఉంటాడు" అన్నాడు. తర్వాత, "అబద్ధం రాసిందంటావా?"

"అబద్ధం అనిపించలా అన్నయ్యా. వాళ్ళ దేశాల్లో అట్టా జరిగినయ్యి. రాసినందుకు కొంతమందికి బెదిరింపులు కూడా వచ్చినయ్యంట. కొంతమందేమో సర్కారు మెచ్చుకోవాలని ఉన్నదానికి పదింతలు చేసి తీశారు. రెండూ ఉన్నయ్యి."

"మరి నేనేమన్నా నీ పుస్తకం ముట్టుకున్నానా?"

"రేడియో కట్టేశావుగా."

"రేడియో కట్టేస్తే?"

"అక్కడ అట్టాగే మొదలవుద్ది."

అన్న దబ్బనం పరుపులో గుచ్చి వదిలేశాడు. "ఓసి నీ! పాట వినబడితే నాకు కాలు ఆగదు. కాలు కదిల్తే థియేటరు గుర్తొస్తది. థియేటరు గుర్తొస్తే సిగరెట్టు. నా మీద నాకు నమ్మకం లేక కట్టేశా. నీ మీద కాదు, నాన్న మీదా కాదు."

"నాకు నీ మీద నమ్మకం ఉందిరా. పెట్టు" అన్నాడు నాన్న వెంటనే.

"పెట్టను."

రేడియో ఇప్పటికీ మోగడం లేదు. ఆ విషయంలో మా ఇంట్లో ఎవరూ మారలేదు. కానీ ఆ రోజు నుంచి నేను కథలు దాచలేదు. కొన్నిటికి తనకి కోపం వచ్చింది. "ఈడు నమాజు చేసేటప్పుడే ఎందుకు భయం సంగీతం వేత్తారు? నమాజు చేస్తే సంగీతం మారాలా?" అని గట్టిగా అడిగాడు. మంచి ప్రశ్నే. కాగితాల్లో రాసుకున్నాను. పోలీసు దెబ్బలు తిన్న కుర్రాడి దగ్గర మాత్రం, "తుపాకీ పట్టినాక ఆడు నాకొద్దు. అంతకుముందుదాకా ఆడు నావాడే" అన్నాడు.

సెమినార్‌కి తను రావాల్సిన పని లేదు. రావద్దని నేనే అనుకున్నాను కూడా. నేను గడ్డాల గురించి చదువుతుంటే అందరూ తన వంక తిరుగుతారని నా దిగులు. చెప్పేలోపే, "ఆ రోజు మీ కాలేజీ హాస్టల్లో పరుపులు దించాలి. దించేసి వచ్చి వెనకాల కూర్చుంటా. నేనేం మాట్లాడన్లే" అన్నాడు. నేను రావద్దనలేదు. తన కోసం కథ మారిస్తే ఏమైందో అప్పటికే ఒకసారి చూశాను గదా.

అన్నట్టే వచ్చి ఆఖరి బెంచీలో కూర్చున్నాడు, గడ్డంలో దూదితో. నేను గబగబా కాగితాలు చదివాను. "సినిమా మొదటి రీల్లోనే ఇతన్ని గుర్తు పట్టేలా చేస్తారు. గడ్డం, పొట్టి పైజామా, నవ్వని మొహం" అనగానే, అనుకున్నట్టే తలలన్నీ ఒక్కసారి వెనక్కి తిరిగాయి. అన్న కంగారుపడి ముందు తన గడ్డం తడుముకున్నాడు, తర్వాత బెంచీ కింద తన జీన్సు పాంటు చూసుకున్నాడు, ఆ తర్వాత ఏం చెయ్యాలో తెలియక నవ్వేశాడు. క్లాసంతా నవ్వింది. ఆ నవ్వు తర్వాత నేను నిదానంగా చదివాను.

చదవడం అయ్యాక ఒకబ్బాయి లేచి, "వాళ్ళు నిజంగా అలాగే ఉంటారా అండీ?" అని అడిగాడు. అడుగుతూ వెనక్కే చూశాడు.

"ఆ నవల్లో అన్న అలాగే ఉన్నాడు. ఆమె చూసిందే రాసింది, నేను కాదనలేను" అన్నాను. "కానీ అది చదివి నేను మా ఇంట్లో ఇంకొకళ్ళని చూసి భయపడ్డాను. ఆ తప్పు నవలది కాదు."

అన్న తల దించుకున్నాడు. మేడమ్ తన వైపు చూసి, "మీరేమైనా చెప్తారా?" అన్నారు.

అన్న లేచి నిలబడ్డాడు. "నాకేం తెలవదండీ. నేను సినిమాలు చూడను. మా చెల్లి చెప్తే విన్నా. కొన్ని బాగున్నయ్యి. ఆ జైలు కథ ఆఖరు మటుకు నాకు నచ్చలేదండీ."

"ఎందుకు?"

"ఇద్దరూ జాలీ దగ్గరికొచ్చి నిలబడగానే ఆపేశారండీ. మాట్లాడుకోవాల్సింది అప్పుడే గదా. ఆడేమంటాడో, ఆ పిల్ల ఏమంటదో, క్షమిత్తదో లేదో, అసలు ఆడు అడుగుతాడో లేదో. అది రాయటం కష్టమని వదిలేసినట్టున్నారు." కూర్చోబోయి మళ్ళీ లేచాడు. "ఇంకోటండీ, నమాజు చేసేటప్పుడు వచ్చే ఆ సంగీతం..."

నేను చదివినదానికంటే తను మాట్లాడిందే ఎక్కువ. మేడమ్ నా కాగితం పక్కన పెట్టి తను చెప్పేది రాసుకోవడం నేను నా కళ్ళతో చూశాను. ఇంటికొచ్చేటప్పుడు ఖాళీ ఆటో ట్రాలీలో వెనక కూర్చుని, నా మార్కులు ఎవరికి పడతాయోనని తిట్టుకుంటూనే ఉన్నాను. "ఏం మాట్లాడనన్నావుగా?" అంటే, "ఆమె అడిగిందే!" అన్నాడు, చిన్నపిల్లాడిలా.

ఇప్పుడు నేను వెనక గదిలో దూరి చూడటం లేదు. హాల్లోనే, టీవీకి కలిపి చూస్తున్నాను. సినిమా మొదలవగానే అన్న లేచి కొట్లోకి వెళ్ళి మధ్య తలుపు వేసేసుకుంటాడు. కాసేపు కుట్టు మిషను చప్పుడు వినపడుతుంది. తర్వాత ఆగిపోతుంది. తలుపు అవతల నుంచి గొంతు:

"ఏమైందే? తిన్నాడా ఖర్జూరం?"